అంతోని వారికి చేతినిండా పని

మా పిల్లల బడి జూన్ 12న తెరుస్తారు. 13న పునీత అంతోని వారి పండుగ. పోయిన వస్తువులు దొరకాలంటే మొక్కుకునేది ఆయనకే. బడి తెరిచిన రోజే మావాడు కొత్త పెన్సిల్ బాక్సు పోగొట్టుకొచ్చాడు. ఈ రెండు తేదీలనీ పక్కపక్కన పెట్టింది పైవాడేనని నా నమ్మకం.

ఆ రాత్రి పిల్లలిద్దరికీ కథ చెప్పాను. లిస్బన్‌లో పుట్టి, ఇటలీలోని పదువాలో పేరు తెచ్చుకున్న ఆ సన్యాసి కీర్తనల పుస్తకాన్ని, మఠం వదిలి పారిపోతూ ఒక కుర్రాడు పట్టుకుపోయాడట. ఈయన ప్రార్థన చేస్తే వాడు తిరిగొచ్చి పుస్తకం ఇచ్చేశాడట. 1231లో ఆయన పోతే, ఏడాది తిరక్కుండానే పునీతుడని ప్రకటించారు.

"అప్పట్నుంచీ అందరివీ వెతుకుతూనే ఉన్నాడా?" అంది నాలుగేళ్ల చిన్నది జాలిగా.

రిమినీలో జనం చెవిన పెట్టకపోతే ఆయన చేపలకు ప్రసంగం చేశాడనీ, అవి నీళ్లలోంచి తలలెత్తి బుద్ధిగా విన్నాయనీ కూడా చెప్పాను. పూజలో కుదురుగా కూర్చుంటారని నా ఆశ.

పండుగనాడు పొద్దున్నే మా అమ్మ బొచ్చె చేప తెప్పించింది. మృగశిర కార్తెలో చేప తినాల్సిందేనంటుంది ఆవిడ. ఈ విషయంలో కార్తెకీ క్రైస్తవానికీ పేచీ లేదు.

"నాయనమ్మా, ప్రసంగం విన్నవాటిని పులుసు పెడతావా?" అన్నాడు మావాడు.

"అవి ఇటలీ చేపల్రా. ఇది మన కృష్ణలోది. దీనికి ఏ ప్రసంగమూ తెలీదు."

వాడు వెంటనే గిన్నె ముందు నిలబడి, "ప్రియ సహోదరీ సహోదరులారా" అని మొదలెట్టాడు. ముక్కలు కదలకుండా విన్నాయి. మా గుడిలో అంత నిశ్శబ్దం నేనెన్నడూ ఎరగను. మధ్యాహ్నం పులుసు మూడుసార్లు వేయించుకున్నది కూడా ఆ ప్రసంగీకుడే.

సాయంత్రం ఆరింటికి పూజ. ఐదున్నరకి చూస్తే స్కూటర్ తాళం లేదు, అమ్మ కళ్లజోడు లేదు. ఇల్లంతా తిరగేశాక రెండూ అంతోని వారి స్వరూపం వెనకే, లిల్లీ పూల చాటున దొరికాయి. (ఆయన చేతిలో ఉండే లిల్లీ వేరు, మా బజార్లో లిల్లీ పేరుతో అమ్మే నేలసంపెంగ వేరు. ఇన్నేళ్లలో ఆయనేం అభ్యంతరపెట్టలేదు.)

"పండగపూట ఆయనకి పనుండాలిగా. ఒక చేత్తో బాలయేసుని ఎత్తుకుని, ఇంకో చేత్తో పువ్వు పట్టుకుని, దూరం ఎట్లా వెతుకుతాడు? అందుకే దగ్గర్లో పెట్టా" అంది చిన్నది.

"చంకన పిల్లాడితో ఇల్లంతా వెతికినవాళ్లకే తెలుస్తుందమ్మా ఆ బాధ" అంది మా ఆవిడ, నన్ను చూస్తూ.

గుడికి చేరేసరికి ఫాదర్ గారు ప్రసంగంలో ఉన్నారు. చివర్న అంతోని వారి రొట్టెలు పంచారు. పిల్లలు తలా రెండు పట్టారు. బయటికొచ్చి చూస్తే, మెట్ల దగ్గర విడిచిన నా చెప్పులు లేవు.

చిన్నదాని వైపు చూశాను.

"ఈసారి నేను కాదు నాన్నా" అంది నోటినిండా రొట్టెతో.