పొగకు నీలం రంగు

మాది మిర్చి పండించే మండలం. రంగు తగ్గిన కాయను తాలు అంటారనీ, దానికి మార్కెట్లో ధర తెగ్గోస్తారనీ మా గూడూరులో బడిపిల్లలకూ తెలుసు. అలాంటి చోట చాయ్ తాగుతూ మా పెద్దనాయనకు ఢిల్లీ రంగుల కబురు చెప్పాను.

చెత్తను కాల్చి కరెంటు తీసే ప్లాంట్లు మొన్నటిదాకా ఎరుపు జాబితాలో ఉండేవి. ఎరుపంటే కాలుష్యంలో ముందు వరుస. 2025లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నీలం అని కొత్త వర్గం తెరిచి వాటిని అందులో కూర్చోబెట్టింది. పర్యావరణానికి అత్యవసర సేవ చేస్తున్నాయట! అనుమతి గడువు కూడా రెండేళ్లు ఎక్కువ.

‘‘అయితే పొగ నీలంగ వస్తదా?’’ అన్నాడు పెద్దనాయన.

పొయ్యి మారలేదు, గొట్టం మారలేదు. అదే చెత్తను నేను వాకిట్లో అగ్గిపుల్ల గీసి కాలిస్తే 5,000 రూపాయల జరిమానా అని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016లోనే చెప్పింది. నా తప్పల్లా గొట్టం కట్టకపోవడమే. గొట్టానికి వడపోతలుంటాయి, నిజమే. లోపల 850 డిగ్రీల వేడి తగ్గకుండా చూస్తేనే డయాక్సిన్లనే విషాల బెడద తగ్గుతుంది. అవి కంటికి కనపడవు. గడ్డి మీద వాలి, బర్రె కడుపులోకి పోయి, పాలలోని కొవ్వులో తేలతాయి.

మరి మన చెత్తలో సగం తడిదే. ‘‘తడి కట్టె పెడితే కండ్లు మండుతయి గని బువ్వ ఉడకది’’ అని మా పెద్దమ్మ ఎన్నడో తేల్చేసింది. కిలోకు 1,500 కిలో క్యాలరీలు, ఆపైన వేడి ఇచ్చే చెత్తను గుట్టల్లో పోయకుండా ఇంధనంగానే వాడాలని 2016 ఘన వ్యర్థాల నిబంధనల్లో రాసుకున్నారు. పెద్దమ్మనడిగితే అంత కాగితం ఖర్చయ్యేది కాదు.

హైదరాబాద్ శివారు జవహర్‌నగర్‌లో 19.8 మెగావాట్ల ప్లాంటు 2020లో మొదలైంది. కరెంటు గ్రిడ్డుకు, చెత్తగుట్ట వాసన వాడకు. 2025లో సంగారెడ్డి జిల్లా ప్యారానగర్‌లో డంపింగ్ యార్డు వద్దని చుట్టుపక్కల ఊళ్లు రోడ్డెక్కాయి. జవహర్‌నగర్‌ను చూశాక ఏ ఊరు రమ్మంటుంది?

‘‘కాలినంక బూడిద ఉండదా?’’

‘‘బోలెడు.’’

‘‘యాడ పోస్తరు?’’

‘‘ఇంకో గుట్ట.’’

పెద్దనాయన చాయ్ పైసలు ఇచ్చి లేచాడు. ‘‘తాలుకు రంగేసి కాంటా మీద పెడితే మానుకోట మార్కెట్ల మమ్మల్ని దొంగలంటరు బిడ్డా!’’