చరిత్ర మావయ్య

గోల్కొండ టికెట్ కౌంటర్ దగ్గర గైడ్ ఎవరైనా పలకరిస్తే మా మావయ్యకు తల కొట్టేసినట్టవుతుంది. "నేనుండగా గైడెందుకు?" అని కసురుతాడు. మొన్నాదివారమూ అంతే. పదిహేనేళ్లలోపు పిల్లలకు టికెట్ అక్కర్లేదని గుర్తొచ్చేసరికి ఇంటర్ రెండో ఏడు చదివే కొడుకు చెవిలో, "కర్చీఫ్ అడ్డం పెట్టుకోరా, మీసం కనబడుతోంది" అన్నాడు.

బాలాహిస్సార్ ద్వారం కమాను కింద చప్పట్లు కొడితే కొండ మీద వినిపిస్తుంది. శత్రువొస్తే పైవాళ్లకు కబురందాలని ఆ ఏర్పాటు. సంగతి నిజమే. కానీ మావయ్యకు నిజం చాలదు, రుజువు కావాలి. బామ్మర్దిని 360 దాకా ఉన్న మెట్లన్నీ ఎక్కించాడు. కింద తను చప్పట్లు కొట్టి, వెంటనే ఫోన్ చేశాడు.

"వినిపించిందా?"

"ఇక్కడ ఊరందరి చప్పట్లూ వినిపిస్తున్నాయి బావా! నీవేవో ఎట్లా చెప్పను?"

"మూడుసార్లు కొట్టింది నేనేరా!"

ఆ పూట గోల్కొండలో మూడుసార్లు కొట్టనివాళ్లు లేరు.

మేమూ ఎక్కడం మొదలెట్టాం. మట్టి గొట్టాల జాడలు చూపించి, మోటార్లు లేని రోజుల్లోనే కొండ కొస దాకా నీళ్లెక్కించిన తెలివి గురించి మావయ్య ఊదరగొట్టాడు. "మన రెండో అంతస్తుకి మాత్రం ఎక్కవు" అంది అత్తయ్య ఆయాసపడుతూ. అపార్టుమెంటు సంఘానికి అధ్యక్షుడు మావయ్యే.

గైడ్ వద్దంటాడు గానీ, డబ్బులిచ్చి గైడ్‌ని పెట్టుకున్నవాళ్ల వెనకే నాలుగడుగుల దూరంలో, చెప్పులో లేని రాయిని దులుపుకుంటూ నిలబడతాడు. అర నిమిషం గడిచాక ఆ చరిత్రే ఆయన నోట ఇంకాస్త గట్టిగా మనకు ప్రసారమవుతుంది.

"1687లో ఔరంగజేబు ఎనిమిది నెలలు చుట్టుముట్టి కూర్చున్నా ఈ కోట లొంగలేదర్రా! ఆఖరికి లోపలివాడే, అబ్దుల్లా ఖాన్ పనీ, లంచం తిని తలుపు తీశాడు. నాలుగు డబ్బుల కోసం గేటు దగ్గర మోసం చేసేవాణ్ణి ఏమనాలి?"

కర్చీఫ్ చాటునుంచి కొడుకు నావైపు చూశాడు.

రామదాసు బందిఖానా దగ్గర మాత్రం మావయ్య గొంతు తగ్గింది. సర్కారు సొమ్ముతో భద్రాచలం గుడి కట్టించినందుకు పన్నెండేళ్లు ఆ చీకట్లో ఉన్నాడంటారు. అత్తయ్య దణ్ణం పెట్టుకుంటుంటే తనూ చెప్పులు విడిచాడు. ఆ కాసేపు నాకు ఆయన మీద నిజంగానే గౌరవం కలిగింది. బయటికొచ్చి, "అందుకే నేను సంఘం లెక్కలు పైసాతో సహా రాస్తా" అన్నాడు.

దిగేలోపే వచ్చే ఆదివారం ఖాయమైపోయింది: రామప్ప. 1213 నాటి గుడి, 2021లో యునెస్కో జాబితాకెక్కింది. శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలతాయి.

"తేలతాయంటే నమ్మేయడమేనా? చూడొద్దూ?" అంటూ డిక్కీలో బకెట్ పెట్టమని బామ్మర్దికి పురమాయించాడు.

"ఇటుకెవరిస్తారు బావా?"

"ముందు నువ్వు బకెట్ సంగతి చూడు."