పుస్తకాల పహాణీ

"ఈ ఏడు నలభై ఏడు."

డిసెంబరు ఆఖరి వారంలో క్లాక్ టవర్ దగ్గరి చాయ్ హోటల్లో కుర్చీ లాక్కుంటూ సారు అనే మొదటి మాట ఇట్లాంటిదే. కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్లు బత్తాయి రేటనుకొని "కిలోకా సార్?" అంటారు. మేం పాతవాళ్లం కదా, "పోయినేడు నలభై ఒకటే, మంచిగ పెరిగినయ్ సార్" అంటాం. సారు తృప్తిగా తలూపి టూ బై త్రీ చెబుతారు.

నలభై ఏడు అంటే ఈ ఏడాది ఆయన సరదాకు చదివిన పుస్తకాలు. నల్లగొండలోనే కాదు, ఇట్లాంటి సారు ఊరికొకరుంటారు. మిర్యాలగూడ సారు బ్యాంకులో చేసి దిగినాయన, దేవరకొండ సారు నీటిపారుదలలో. మా సారు తెలుగు పండితులు. ముప్పై మూడేండ్లు బళ్లో ఛందస్సు చెప్పినా నెత్తుటిలో ఉన్నది పట్వారీ వంశం. సరదాకు కూడా లెక్క ఉండాలంటారు. అందుకే పొడుగాటి నోట్‌బుక్కులో స్కేలుతో గీతలు కొట్టి పహాణీ రాస్తారు. పుస్తకం పేరు, పట్టాదారు, కబ్జాదారు, విస్తీర్ణం, కైఫియత్. పట్టాదారు అంటే డబ్బు పెట్టి కొన్నవాడు. కబ్జాదారు ఎప్పుడూ సారే. విస్తీర్ణం పేజీల్లో ఉంటుంది. కైఫియత్ అంటే అభిప్రాయం. పట్టాదారు గడిలో నా పేరు నాలుగు చోట్ల ఉంది.

పట్టాదారు ఇంటికొచ్చి అడిగితే జవాబు ఒకటే: "ఇంకా రెండు పేజీలున్నయి." తెలంగాణ రాకముందు తీసుకున్న పుస్తకంలో కూడా ఆ రెండు పేజీలు అట్లనే ఉన్నయి. అదే సారు వట్టికోట ఆళ్వారుస్వామి ముచ్చట ఎత్తితే వినాలి. నకిరేకల్ పక్క చెరువు మాదారంలో పుట్టిన మనిషి, 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు తానే మోసుకుంటూ తిరిగి అమ్మిండని చెబుతుంటే సారు గొంతు పూడుకుపోతుంది. పుస్తకం జనంలోకి పోవాలంటారు. జనంలో నుంచి తన బీరువాలోకి ఎట్లా వచ్చిందో మాత్రం అడగొద్దు.

హైదరాబాద్ బుక్ ఫెయిర్ డిసెంబరులో పెట్టేది సారు లెక్క పూడ్చడానికేనని నా అనుమానం. అంకె తక్కువ పడిన ఏడు రెండు సంచులతో పోయి, దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సెక్కి చదువు మొదలుపెడతారు. తెలుగు పుస్తకానికి ఇంటికన్నా అరుగు పెద్దది కదా. హయత్‌నగర్ దాటేసరికి ప్రచురణకర్త మాట అయిపోతుంది. చౌటుప్పల్‌కు ఒక పెద్దాయన ముందుమాట, చిట్యాలకు ఇంకో పెద్దాయన ఆశీస్సు. నార్కట్‌పల్లిలో బస్సు మళ్లేటప్పుడు రచయిత తన ఇల్లాలికీ, డీటీపీ చేసిన తమ్ముడికీ కృతజ్ఞతలు చెబుతుంటాడు. మొదటి అధ్యాయం కనబడేసరికి నల్లగొండ బస్టాండ్. సారు పుస్తకం మూసి దిగుతారు. పహాణీకి ఎక్కినట్టే.

"కథ చదవలేదు గద సార్?"

"ముందుమాటల అంతా చెప్పిన్రు. మళ్లా చదివితే ఆ పెద్దమనిషిని నమ్మనట్టు గాదా?"

మిగిలిన పదకొండు నెలలు జిల్లా గ్రంథాలయం. ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాను కాబట్టి అక్కడి కుర్చీ తన హక్కంటారు. హక్కయితే ఉంది, కుర్చీయే దొరకదు. గ్రూప్స్ పిల్లలు తలుపు తీయకముందే వచ్చి వరసలో నిలబడతారు. ఒకనాడు ఎట్లాగో జాగా దొరికి సారు సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' తెరిచారు. చూస్తే పక్క పిల్లవాడూ అదే పుస్తకం. సారుకు ప్రాణం లేచొచ్చింది.

"ఎట్లున్నది బిడ్డా?"

"ఇంపార్టెంట్ సార్. 1949ల అచ్చయింది. 1955ల సాహిత్య అకాడమీ, తెలుగుల ఫస్ట్."

"అది గాదు. చదువుతుంటె ఎట్లున్నది?"

పిల్లవాడు కాసేపు చూసి, "మీది ఏ పేపర్ సార్?" అన్నాడు.

ఆ పుస్తకం మీద సారు సొంత కైఫియత్ "వెనకటోళ్లు మంచిగ తిన్నరు" అని. తప్పేం లేదు. రాజుల యుద్ధాలు పక్కన పెట్టి జనం తిండీ బట్టా ఆటపాటలూ కావ్యాల్లో నుంచి ఏరి రాసిన పుస్తకమే అది. అయితే చదివిన వారమంతా ఇంట్లో వంటకు వంకలు ఎక్కువైనాయట. సారు భార్య నాలుగు రోజులు ఓర్చుకుని, ఐదో రోజు జొన్నరొట్టె కంచంలో వేస్తూ, "ఆ కాలంల మొగోళ్లు అంట్లు తోమిన్రేమో అది గూడ సూడుండ్రి" అన్నదట.

సారుకు అసలు పోటీ మహబూబ్‌నగర్‌లో ఉంది. వియ్యంకుడు, పోస్టాఫీసులో చేసి దిగినాయన. ముప్పై ఒకటో తారీఖు రాత్రి ఇద్దరూ ఫోన్లో అంకెలు చెప్పుకుంటారు. మనవడి ముచ్చట తర్వాతనే. అంకెలతో తేలకపోతే జిల్లాల దాకా పోతారు. 'గోలకొండ కవుల సంచిక' ఉంది కదా, తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా 354 మంది కవులతో సురవరం 1934లో తెచ్చింది. వియ్యంకులిద్దరూ దాన్ని ఓటర్ల జాబితా చదివినట్టు చదివారు. పద్యాల జోలికి పోలేదు, ఎవరిది ఏ ఊరో చూసుకుంటూ పోయారు.

2016 అక్టోబరులో జిల్లాలు ముక్కలైన నాడు మేమంతా కలెక్టరాఫీసులు ఎక్కడొస్తాయని మాట్లాడుకుంటుంటే సారు ఫోన్ తీసి, "బావా, సురవరం ఊరు గద్వాల జిల్లాకు పోయింది, నీ ఖాతాల కొట్టెయ్. యశోదారెడ్డి బిజినేపల్లి నాగర్‌కర్నూల్. గోరటి వెంకన్న ఊరు గూడ నాగర్‌కర్నూలే. ఇగ నీకు మిగిలింది పిల్లలమర్రి చెట్టే" అన్నారు.

అవతలి నుంచి గొంతు మాకందరికీ వినబడింది. "మరి మీ రావి నారాయణరెడ్డి బొల్లేపల్లి ఏడున్నదో సూడు బావా. యాదాద్రి జిల్లా! నెహ్రూ కంటె ఎక్కువ ఓట్లు నల్లగొండల పడ్డయి గని, మనిషి నీకు దక్కలే."

చివరికి పత్రికలవాళ్లు పుణ్యం కట్టుకున్నారు. 'ఉమ్మడి జిల్లా' అనే మాట దొరికింది. కృష్ణా నీళ్ల సంగతేమో కానీ ఈ ఒప్పందం ఇప్పటికీ నిలిచి ఉంది.

మొన్న సారు నోట్‌బుక్ హోటల్లో మరిచిపోయారు. ఇచ్చేద్దామనే తెచ్చిన. రాత్రి ఊరికే తెరిచిన. ఆయన నలభై ఏడింటి సంగతి తెలియదు కానీ, ఈ ఏడు నేను పట్టిన పట్టు విడవకుండా చదివింది అదొక్కటే. ఆళ్వారుస్వామి 'గంగు' దగ్గర కైఫియత్: "అక్షరాలు చిన్నగున్నయి. అద్దాలు మార్చాలె." ఒక అనువాద నవలకు: "కరెంటు పోయింది. హంతకుడు ఎవరో తెల్వలే." రావి నారాయణరెడ్డి 'వీర తెలంగాణ'కు: "మొత్తం చదివిన. మా నాయన పేరు లేదు. బతికిపోయినం."

అన్నీ ఇట్లాంటి ఒకటి రెండు వరసలే. యశోదారెడ్డి 'మా ఊరి ముచ్చట్లు' దగ్గర మాత్రం గడి దాటి, గీత దాటి, పక్క పేజీలోకి పోయింది రాత. హోటల్లో ఆ పుస్తకం గురించి సారు అన్నది "పర్వాలేదు" అని ఒక్క మాటే. ఇక్కడ చూస్తే: "ఇవన్ని మా అవ్వ మాటలు. 'తొవ్వ' అని రాసిన పిల్లగానికి సున్న చుట్టి 'దారి' అని దిద్దిన. ఎర్రసిరా బుడ్డి నెలకొకటి ఒడిసేది. ఆమె ఉస్మానియాల తెలుగు చెప్పినామె. ఆమెకు తప్పు గానిది నాకు ఎట్ల తప్పయింది? ఆ పిల్లగాడు ఎవరో యాదికి వస్తలేడు. ఏడో తరగతి. కిటికీ పక్కన కూసునేటోడు." ఇట్లా రెండు పేజీలు. చివర గీత కొట్టి: "బావకు చెప్పొద్దు."

పొద్దున్నే సారు మా ఇంటి ముందున్నారు. "నా బుక్కు నీ దగ్గరున్నదట గదా?"

"ఉన్నది సార్. ఇంకా రెండు పేజీలున్నయి."

సారు మొఖంలో రంగు పోయింది. "ఏ రెండు?"

నేనేమీ అనలేదు. "నా యశోదారెడ్డి పుస్తకం మూడేండ్లాయె సార్. అది తెచ్చియ్యుండ్రి, ఇది తీస్కపోండ్రి" అన్న.

గంటలో వచ్చారు. పేపర్ చుట్టి, పురికొస కట్టి తెచ్చిన పుస్తకం నా చేతిలో పెట్టి, నోట్‌బుక్ చంకలో పెట్టుకొని, చాయ్ కూడా తాగకుండా పోయారు. కట్టు విప్పి చూసిన. పుస్తకం అదే. లోపలి పేజీలో సంతకం మాత్రం మహబూబ్‌నగర్ వియ్యంకుడిది, కింద 'చదివి తప్పక తిరిగి ఇవ్వగలరు' అని.