కమిషనర్ గారూ, నీడకు తాళమెందుకండీ?

మహారాజశ్రీ మునిసిపల్ కమిషనర్ గారి దివ్యసముఖానికి,

ఇంటి పన్ను బకాయి లేని ఒక పౌరురాలు చేసుకొను విన్నపములు. ఏడాది పన్నంతా ఏప్రిల్ 30 లోపు కడితే 5 శాతం రాయితీ అన్నారు, నిన్ననే వచ్చి కట్టేశాను. ఆలస్యమైతే నెలకు 2 శాతం వడ్డీ వేస్తారని తెలుసు కదా! రసీదు చేతిలో ఉంది కనుక కాస్త ధైర్యం చేసి అడుగుతున్నాను.

అయ్యా, మిట్టమధ్యాహ్నం పార్కుకు తాళం వేయమన్న మహానుభావుడెవరు?

బోర్డు చదివాను లెండి. ఉదయం 5 నుంచి 9, సాయంత్రం 4 నుంచి 8. అంటే ఎండ లేనంతసేపూ నీడ ఇస్తారు. ఎండ ముదరగానే దాన్ని లోపల పెట్టి తాళం వేసేస్తారు. ఇంత తెలివి ఎక్కడ నేర్చుకున్నారండీ?

నిన్న మా అత్తయ్యను ఈ-కేవైసీకని రేషన్ షాపుకు తీసుకెళ్లాను. డెబ్బై దాటిన మనిషి. అంట్లు తోమీ తోమీ వేలిగీతలు అరిగిపోయాయి, మిషను ఒప్పుకోలేదు. సచివాలయంలో ఆధార్ సరిచేయించుకు రమ్మన్నాడు డీలరు. అక్కడ సర్వర్ లేదు. సరే, అది మీ శాఖ కాదు, వదిలేయండి. ఎలాగూ ఇంత దూరం వచ్చాం కదా అని మీ కౌంటర్లో పన్ను కట్టి బయటికొచ్చేసరికి పన్నెండు దాటింది. "కాసేపు కూచుందామే అమ్మాయ్, కళ్లు తిరుగుతున్నాయి" అంది ఆవిడ. ఎక్కడ కూచోబెట్టను? రోడ్డు వెడల్పు చేస్తూ నిద్రగన్నేరు చెట్లన్నీ మీరే కొట్టించారు. డివైడర్లో నాటిన మొక్కల నీడ పిల్లిపిల్లకు కూడా చాలదు.

పార్కు మీ ఆఫీసుకు ఎదురే. ఊచల్లోంచి చూశాం. లేతాకు వేసిన కానుగలు, వాటి కింద ఖాళీ బెంచీలు. గేటు బయట మీ చలివేంద్రం. కుండ ఉంది, ఫ్లెక్సీ ఉంది, ఫ్లెక్సీ నిండా నమస్కారాలు పెడుతున్న పెద్దమనుషులున్నారు. నీళ్లు లేవు.

వాచ్‌మన్‌ను బతిమాలాను. "పైనుంచి ఆర్డరమ్మా. పగలు తెరిస్తే జంటలొచ్చి కూచుంటాయి" అన్నాడు. కూచుంటే ఏమవుతుంది సార్? చెట్లు ఎండిపోతాయా? జంటల మీద కోపానికి మా ముసలావిడ ఎండలో మాడాలా? ఆ గేటు పట్టుకుని నించున్నప్పుడే ఫోన్లో విపత్తుల నిర్వహణ సంస్థ వారి సందేశం. మా మండలంలో వడగాలులట, నీడపట్టున ఉండాలట! నీడలోకి పొమ్మనేదీ సర్కారే, నీడకు తాళం వేసేదీ సర్కారే. మీలో మీకు మాటల్లేవా?

2015 మే నెల మీకు గుర్తుందో లేదో. రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి వడదెబ్బకు వెయ్యి మందికి పైగా పోయారు. ఏసీ కార్లలో తిరిగేవాళ్లు కాదు. కూలికి వెళ్లినవాళ్లు, తోపుడుబండ్లవాళ్లు, ముసలీముతకా. 2010 ఎండలకు అహ్మదాబాదులో జనం పిట్టల్లా రాలిపోతే, 2013లో ఆ నగరం వేసవి కోసమే ఒక ప్రణాళిక రాసుకుంది. మీరు ప్రణాళికలేమీ రాయక్కర్లేదు. గొళ్లెం తీస్తే చాలు.

ఇంకో సంగతి. 2021 నుంచి ఆస్తి విలువను బట్టి పన్ను వేస్తున్నారు. పార్కు దగ్గరి స్థలమంటే విలువ ఎక్కువేగా! మరి తొమ్మిది నుంచి నాలుగు దాకా ఆ పార్కు మాకు లేనట్టే. ఆ ఏడు గంటలకూ రాయితీ ఏమైనా ఉందా? నీళ్లు రాని ఫౌంటెన్ గురించీ, పెడళ్లు ఊడిన ఓపెన్ జిమ్ గురించీ, చెవులు విరిగిన ఫైబరు జింకల గురించీ నేను అడగడం లేదు. శిలాఫలకం మాత్రం చెక్కుచెదరలేదు, సంతోషం.

సార్, వెటకారం ఇక నావల్ల కాదు. తొలకరి పడేదాకా, ఈ రెండు నెలలూ, పగలు తెరిచి ఉంచండి. రెండు గేట్లూ వద్దు, చిన్నది చాలు. బెంచీల మీద కూచోవద్దంటే చెట్టు మొదట్లో చతికిలబడతాం. కాపలాకు ఇంకో మనిషి జీతం భారమనిపిస్తే వచ్చే ఏడు పన్నులో కలపండి, నోరెత్తకుండా కడతాం. మా అత్తయ్య రేపు మళ్లీ సచివాలయానికి రావాలి. దయచేసి రేపే తీయించండి.

ఇట్లు,
అసెస్‌మెంట్ నంబరు తప్ప మీకు పేరు తెలియని ఒక పౌరురాలు

తా.క.: పార్కు పక్కన మరుగుదొడ్డికీ అదే సైజు తాళం వేలాడుతోంది. దాని వేళలు బోర్డు మీద కూడా లేవు. ఆడవాళ్లం ఎక్కడికి పోవాలో ఆ ఫ్లెక్సీలోని పెద్దమనుషుల్లో ఎవరినైనా అడిగి చెప్పండి.