మన జాతకములు, వారి జాగీరు

తన్ను గూర్చి తానే ఒక స్తోత్రమును రచించి, దానిని నాలుగుదారుల కూడలిలో గోడకు అంటించి, దారిన పోవు ప్రతివానిని చదువుమని బతిమాలుకొనుట పూర్వము సంస్థానాధిపతులకును, ఎన్నికలలో నిలుచువారికిని మాత్రమే చెల్లిన వైభవము. 2003వ సంవత్సరమున లింక్డిన్ అను సంస్థ అంతర్జాలమున వెలసినది మొదలు ఆ వైభవము గుమాస్తాలకును దక్కినది. మూడేండ్లపాటు ఎక్సెల్ గళ్లలో అంకెలు నింపిన చిరంజీవి అచ్చట వ్యూహాత్మక పరివర్తన సారథి. పై యధికారి మూలవ్యాధి శస్త్రచికిత్సకై సెలవు పెట్టిన పక్షము దినములు ఆయన కుర్చీలో కూర్చుండినవాడు సంక్షోభసమయమున నాయకత్వము వహించిన ధీరుడు. ఉద్యోగము ఊడినవాడు తన ఫోటో చుట్టును ఆకుపచ్చని వలయమొకటి ధరించి నూతనావకాశములను స్వాగతించు ముముక్షువు. మాదాపూరు మొదలు శాంటాక్లారా వఱకు గల తెలుగు సాఫ్ట్‌వేరు లోకమంతయు ఈ గోడమీదనే కాపురమున్నది. పిల్లనిచ్చు తండ్రులు సైతము ఇప్పుడు పంచాంగమునకంటె ముందు వరుని ప్రొఫైలునే తిరగవేయుచున్నారని వినికిడి.

ఇట్టి ఆత్మస్తుతులమీద హక్కు ఎవరిది? వ్రాసినవానిదా, గోడ కట్టినవానిదా, చదివి పోవువానిదా? వ్రాసినవానిదేయని సామాన్యబుద్ధికి తోచును. లింక్డిన్ తన సభ్యులతో చేసికొనిన ఒడంబడికయందును వ్రాతల స్వామ్యము సభ్యులదేయని స్పష్టముగానే యున్నది. అయినను 2017 జూన్ మొదలు 2022 డిసెంబరు వఱకు అమెరికా న్యాయస్థానములలో ఈ విషయమై రెండు కంపెనీలు కత్తులు దూసికొనినపుడు, స్వామి యనబడు ఆ సభ్యుడు వాదియు కాడు, ప్రతివాదియు కాడు, కనీసము సాక్షియు కాడు. అత్తసొమ్మును అల్లుడు ధారవోయుట మన సామెత. ఇచ్చట అల్లుండ్రిద్దఱు, ధారవోయు తలంపు ఇద్దఱికిని లేదు, ఆ సొమ్ము అమ్ముకొను అధికారము పెద్దల్లునిదా చిన్నల్లునిదా యనునదే తగవు, అత్తకు తాఖీదైనను లేదు.

చిన్నల్లుని పేరు హైక్యూ ల్యాబ్స్. 2012లో స్థాపితమైన ఈ శాన్‌ఫ్రాన్సిస్కో సంస్థ, సభ్యులు లోకమెల్ల చూచునట్లుంచిన ప్రొఫైళ్లను బాట్లు అనబడు యంత్రభృత్యులచే చదివించి, పిండిన సారమును ఉద్యోగులను పోషించు కంపెనీలకు విక్రయించుచుండెను. దాని సరకులలో 'కీపర్' అనునది ముఖ్యము. ఏ ఉద్యోగిని ఇతరులు ఎగరవేసికొనిపోవు ప్రమాదము హెచ్చుగా నున్నదో పసిగట్టి యజమాని చెవిలో ఊదుట దాని వృత్తిధర్మము. ఒక ఉద్యోగి, ఇంటిల్లిపాదియు నిద్రించిన పిమ్మట, దొరకు తెలియకుండ మఱొక కొలువు సంపాదింపవలెనను ఆశతో తన ప్రొఫైలునకు క్రొత్తగా నేర్చిన విద్య నొకదానిని చేర్చి, పాత ఫోటో తీసి టై కట్టిన ఫోటో పెట్టి, తృప్తిగా పండుకొనుచున్నాడనుకొనుడు. ఆ మార్పును క్రొత్త దొర చూచునో చూడడో దైవమెఱుగును గాని, కీపర్ ఖాతాదారుడైన పాతదొర మాత్రము, ఆ ఉద్యోగి భార్యకంటెను ముందుగా, ఇంటి గుట్టు తెలిసికొనును. ఉద్యోగము మాఱుటకు పెట్టిన ప్రకటనయే ఉద్యోగము మాఱుచున్నాడను ఫిర్యాదుగా పరిణమించు ఈ రసవాదమునకు పెట్టుబడిదారులు ధనము పెట్టిరనిన ఆశ్చర్యమేమున్నది!

ఈ సంగతి పెద్దల్లుడగు లింక్డిన్‌కు తెలియదా యనగా, చక్కగా తెలియునని చెప్పుటకు ఆధారములు తీర్పులోనే కలవు. హైక్యూ వారు 'ఎలివేట్' అను పేర సభలు నడపుచుండ, 2015 అక్టోబరు మొదలు లింక్డిన్ ప్రతినిధులు వానికి హాజరగుచునే యుండిరి. కొందఱు వేదిక నెక్కి ఉపన్యసించిరి. 2016లో లింక్డిన్ ఉద్యోగి యొకరికి హైక్యూ వారు బహుమానము నొసంగి సత్కరించిరి. శాలువ కప్పిరో లేదో తీర్పులో లేదు. ఆ మఱుసటి సంవత్సరము మే నెలలో లింక్డిన్ వారు ఇదే హైక్యూకు, మా ఆవరణలో అడుగిడితివా నేరస్థుడవగుదువు సుమా యని వకీలు నోటీసు పంపిరి. సన్మానమునకును నోటీసునకును నడుమ లింక్డిన్ తానును ఇట్టి విశ్లేషణపు సరకునే సిద్ధపఱచుకొనుచుండెనని ప్రతిపక్షము వాపోయినది. 2016లోనే మైక్రోసాఫ్టు ఈ గోడను 2,620 కోట్ల డాలర్లకు కొనియుండెను. బేగంపేట హైదరాబాదు పబ్లిక్ స్కూలున చదివిన మన సత్య నాదెళ్లగారు వెలపోసి కొనిన గోడమీద పరాయివాని మేకలు మేయుట ఆ సంస్థకు కంటగింపగుట లోకసహజమే.

అయినను లింక్డిన్ వారు ఎత్తుకొనిన ధ్వజము సభ్యుల గోప్యత. మార్పులు చేసినపుడు పరిచితులకు తెలియపఱచవలదను మీటను అయిదుకోట్లకు పైగా సభ్యులు నొక్కియున్నారు, వారి మనోభావములను కాపాడుట మా విధి యని వారి వాదము. తొమ్మిదవ సర్క్యూటు అప్పీలు న్యాయస్థానమున మార్షా బెర్జన్ అను న్యాయమూర్తి ఈ వాదమును ఆలకించి, లింక్డిన్ తానే 'రిక్రూటర్' అను సేవను ధనము పుచ్చుకొని అమ్ముచున్నదనియు, దానిని కొనినవారు సభ్యుని వెంబడించి, అతని ప్రొఫైలు మాఱినపుడెల్ల కబురు పొందవచ్చుననియు, ఈ సంగతి ఆ సభ్యునికి తెలియనే తెలియదనియు జ్ఞాపకము చేసెను. అనగా చాటునుండి తొంగిచూచుట పాపము కాదు, రుసుము చెల్లింపక తొంగిచూచుట పాపము. ఈ గోప్యతాపరాయణులే అంతకుమునుపు సభ్యుల ఈమెయిలు పుస్తకములలోని పేర్లకెల్ల పదేపదే ఆహ్వానములు పంపిరన్న వ్యాజ్యమున 2015లో కోటి ముప్పది లక్షల డాలర్లకు రాజీపడినవారు. మేనత్త మఱది బావగారినుండి సైతము "నా వృత్తిబాంధవ్యమున చేరుము" అను ఆహ్వానము వచ్చిన రోజులు మీకు జ్ఞప్తియుండవచ్చును. పాపము, ఆయన యెఱుగడు.

ఇక నోటీసున ప్రయోగించిన అస్త్రమును గూర్చి. అది 1986 నాటి కంప్యూటరు మోస, దుర్వినియోగ చట్టము. దానికి మూలమైన 1984 నాటి శాసనమునకు ముందు వెలువడిన ప్రతినిధులసభ నివేదికలో 'వార్‌గేమ్స్' అను సినిమా ప్రస్తావన యున్నది. బాలుడొకడు ఇంటనుండి టెలిఫోనుతీగ ద్వారా సైనిక కంప్యూటరులో జొచ్చి మూడవ ప్రపంచయుద్ధమును దాదాపు ప్రారంభించు కథ. ఆ బాలుని కొఱకు నూరిన కత్తిని, ఉద్యోగార్థుల స్వీయప్రశంసలను చదివినవాని మెడమీద పెట్టవచ్చునా? వలదని 2017 ఆగస్టులో జిల్లా న్యాయమూర్తి ఎడ్వర్డు చెన్ తాత్కాలికోత్తర్వు నిచ్చెను. తలుపే లేని చోట అనుమతి లేక తలుపు త్రోసితివను నేరమెట్లు పొసగునని 2019 సెప్టెంబరున అప్పీలు న్యాయస్థానము ఆ యుత్తర్వునే బలపఱచి, తమవి కాని సమాచారములకు కంచెలు వేయనిచ్చినచో కొన్ని సంస్థలకు గుత్తాధిపత్యము ఏర్పడునని హెచ్చరించెను. 2021లో సుప్రీంకోర్టు, జార్జియా రాష్ట్రమున లంచము పుచ్చుకొని ఒకరి కారు నంబరును పోలీసు కంప్యూటరులో వెదకిన సార్జెంటు వ్యాజ్యమున తానిచ్చిన క్రొత్త తీర్పును జూచుకొని మరల ఆలోచింపుడని ఈ తగవును క్రిందికి దింపెను. క్రిందివారు మరల ఆలోచించి, 2022 ఏప్రిలున మునుపటి మాటయే చెప్పిరి.

చిన్నల్లుడు గెలిచెనని పత్రికలు వ్రాసెను. కాని వ్యాజ్యము గెలుచుటయు బ్రదుకుటయు వేఱువేఱు విద్యలు. న్యాయమూర్తులు మీమాంస చేయుచున్న కాలమున హైక్యూ వ్యాపారము మూతపడెను. ఆ మీద 2022 నవంబరున అదే చెన్‌గారు, నేరచట్టము మాట యటుండనిండు, లింక్డిన్ సభ్యుడవగునపుడు నీవంగీకరించిన ఒడంబడిక మాటేమని ప్రశ్నించి, హైక్యూ దానిని ఉల్లంఘించినదని తేల్చెను. వివరములు చూడగా, ప్రొఫైళ్లను సరిచూచుటకు హైక్యూ కూలికి కుదుర్చుకొనినవారు మాఱుపేర్లతో దొంగ ఖాతాలు తెఱచిరట. హైక్యూకు తోచిన సమయస్ఫూర్తి యిది! బహిరంగస్థలమున నిలిచి చదువుట నా జన్మహక్కని మూడు మెట్ల న్యాయస్థానములలో ఎలుగెత్తి చాటిన పెద్దమనిషి, రాత్రివేళ బుఱఖా వేసికొని ప్రహరి దూకవలసిన ఆవశ్యకమేమి? డిసెంబరులో హైక్యూమీద 5 లక్షల డాలర్లకు అంగీకృత తీర్పు వెలువడినది; సేకరించిన సమాచారమును, దానిని చదివిన సాఫ్ట్‌వేరును ధ్వంసము చేయవలెనని కూడ అందున్నది. ఇట్లు కాటికి పోయిన కంపెనీనుండి దండుగ రాబట్టి లింక్డిన్ విజయభేరి మ్రోయించెను.

ఈ జగడము అంతర్జాలముతో పుట్టినది కాదు. కాన్సాసు రాష్ట్రమున రూరల్ అను టెలిఫోను కంపెనీ యొకటి ఊళ్లవారి పేర్లు, నంబర్లు అకారాది క్రమమున అచ్చువేయగా, ఫీస్టు అను ప్రచురణకర్త వానిని గ్రహించి తన పెద్ద డైరెక్టరీలో చేర్చుకొనెను. దొంగను పట్టుటకై రూరల్ వారు నడుమ నడుమ నాలుగు కల్పితనామములను నాటియుండిరి. ఫీస్టు పుస్తకమున అవియును యథాతథముగా మొలచెను. అపరాధము ఇంత నిస్సంశయముగా రుజువైనను 1991 మార్చిలో సుప్రీంకోర్టు ఫీస్టునే గెలిపించెను. పేరు, ఊరు, నంబరు అను వాస్తవములకు కర్త యెవడును లేడనియు, వానిని ప్రోగుచేయుటలో ఎంత చెమటోడ్చినను కాపీరైటు పుట్టదనియు న్యాయమూర్తి శాండ్రా డే ఒకానర్ వ్రాసెను. ఆ నలుగురు లేనివారిని గూర్చి మాత్రము నాకు ముచ్చట కలుగును. టెలిఫోను లేదు, ఇల్లు లేదు, పుట్టుకయే లేదు. అయినను ఈ వ్యాజ్యమంతటిలోను రూరల్ వారు నిజముగా సృష్టించితిమని చెప్పుకొనదగిన సంతానము వారే.

పెద్ద కంపెనీల చిత్తవృత్తిని పరిశీలింపదలచినవారు ఇజ్రాయేలుకు చెందిన బ్రైట్ డేటా వ్యాజ్యములను చదువవలెను. ఇతరుల పుటలను గీకి అమ్ముటయే వృత్తిగా గల ఆ సంస్థమీద, తమ ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ పుటలను గీకినదని మెటా వారు 2023 జనవరిలో దావా వేసిరి. మెటా వారు తామే మునుపు ఇతరుల దుకాణపుటలను గీకించుటకై అదే బ్రైట్ డేటాకు రొక్కమిచ్చి పని పురమాయించియుండిరని పిమ్మట బయటపడెను. 2024 జనవరిలో చెన్‌గారే, ఖాతాలో ప్రవేశింపక బయటనుండి చూచువానిని మెటా నిబంధనలు బంధింపజాలవని తీర్పు చెప్పెను. ఆ మే నెలలో ఎక్స్ సంస్థ బ్రైట్ డేటామీద తెచ్చిన దావాను కొట్టివేయుచు విలియం ఆల్సప్ అను న్యాయమూర్తి అసలు నాడిని పట్టుకొనెను. వినియోగదారు డెవరినైన దూషించినచో, ఆ మాట నాది కాదు, వానిది, నేను ఊరక గోడ నిచ్చినవాడనని సంస్థ చట్టపు గొడుగు క్రింద నిలుచును. అదే మాటను వేఱొకడు ఎత్తుకొనిపోయినచో, నాది, నాది యని గొడుగు విసరివైచి వెంటబడును. ఈ రెండును ఒకేమాఱు కుదరవని ఆయన తాత్పర్యము. నిందకు కర్త సభ్యుడు, వెలకు కర్త కంపెనీ యను ఈ అద్వైతమును ఏ శంకరుడును ప్రతిపాదించియుండడు.

మన దేశమున సంగతి ఇంతకంటె సులభము. 2023 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత దత్తాంశ రక్షణ చట్టము, వ్యక్తి తన వివరములను తానే బహిర్గతము చేసికొనినచో ఆ వివరములకు తాను వర్తింపనని మూడవ సెక్షనులోనే చేతులు కడుగుకొనినది. పెద్దల్లుడు, చిన్నల్లుడు అను భేదము కూడ లేదు, వచ్చినవాడెల్ల అల్లుడే.

లింక్డిన్ గోప్యతాదీక్ష యేమైనదని మీరడుగవచ్చును. 2024 సెప్టెంబరున ఆ సంస్థ, సభ్యులు వ్రాసికొనినవానితో తమ కృత్రిమమేధకు శిక్షణ యిచ్చుటకై అమెరికాయందును ఇతరత్రయును ఒక మీట ఏర్పఱచి, శ్రమ లేకుండ దానిని ముందుగానే సభ్యుల పక్షమున తానే నొక్కియుంచెను. వలదనువారు సెట్టింగులలో డేటా ప్రైవసీ యను విభాగమున దానిని వెదకి ఆపవచ్చును. అట్లు ఆపినను, అంతకుమునుపే జరిగిపోయిన శిక్షణకు అది వర్తింపదని సహాయపుటలోనే వ్రాసియున్నది.