మట్టి తోలకం

ఫ్లైఓవర్ పునాదిలో తవ్విన మట్టి, పగలగొట్టిన పాత కాంక్రీటు ఎక్కడికి పోవాలో 2016 నాటి నిర్మాణ వ్యర్థాల నిబంధనల్లోనే శుభ్రంగా రాశారు. రోజుకు 20 టన్నులు దాటితే వేరుచేసి, లెక్క చెప్పి మరీ పంపాలన్నారు. హైదరాబాద్‌లో ఆ శిథిలాల్ని పిండిచేసి ఇసుక, కంకర తీసే ప్లాంట్లు జీడిమెట్ల, ఫతుల్లగూడల్లో ఉన్నాయి కూడా. అర్ధరాత్రి దాటాక కొన్ని టిప్పర్లకి మాత్రం మూసీ ఒడ్డో, పక్క చెరువో తప్ప దారి కనపడదు. పాపం, డీజిలు ఆదా! టార్పాలిన్ కట్టకపోవడం అదనపు ఆదా; సగం లోడు దారిపొడవునా స్కూటర్లవాళ్ల కళ్లలోనే దిగుమతి. రేపు వానొచ్చి, పూడిన చెరువు నీళ్లు రోడ్డెక్కితే అక్కడా ఓ ఫ్లైఓవర్ మంజూరవుతుంది. దాని మట్టి పోయడానికి ఇంకో చెరువు మిగలాలిగా!