అభివృద్ధి కోసమే, నమ్మండి

ఎమ్మెల్యే గోడ దూకిన రోజున చెప్పే మాట ఒక్కటే: "నియోజకవర్గ అభివృద్ధి కోసమే పార్టీ మారాను." దూకే మనిషి మారొచ్చు, గోడ మారొచ్చు, ఈ వాక్యంలో మాత్రం అక్షరం మారదు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఇంత నిలకడగా నిలిచిన రాజకీయ సిద్ధాంతం మరొకటి లేదు.

సరే, నిజమే అనుకుందాం. అప్పుడు ఆయన కొత్త పార్టీ మీద మోపుతున్న నేరం ఎంత పెద్దదో చూడండి. ఓటెయ్యని ఊళ్లకు ఈ ప్రభుత్వం రోడ్డు వెయ్యదు, చెరువు బాగుచెయ్యదు అంటున్నారు కదా! ఇదే మాట నిన్న ప్రతిపక్షంలో ఉండి అంటే కేసు పెట్టేవారు. ఇవాళ కండువా కప్పించుకుంటూ అంటే చప్పట్లు కొడుతున్నారు. కప్పుతున్న ముఖ్యమంత్రి కూడా ఖండించరు, నవ్వుతూ ఫోటోకు నిలబడతారు.

ఆయన గోడులో కొంత నిజం లేకపోలేదు. ప్రతిపక్షం గెలిచిన చోట ఇద్దరు ఎమ్మెల్యేలుంటారు. ఒకరు గెలిచినవారు. రెండోవారు ఓడిపోయి అధికార పార్టీ ఇన్‌ఛార్జి అయినవారు. స్టేషన్‌కు ఏ సీఐ రావాలి, సీసీ రోడ్డు ఏ వీధిలో పడాలి, ఇల్లు ఎవరికి మంజూరు కావాలి అన్నవి రెండోవారి దగ్గర తేలతాయి. మొదటివారికి దక్కేది ప్రోటోకాల్, అంటే శిలాఫలకం మీద పేరు. ఇన్‌ఛార్జి అనే పదవి ఏ చట్టంలోనూ లేదు. దాని మీద సభలో నిలదీయాల్సిన పెద్దమనిషి, తనే వెళ్లి ఆ పార్టీలో చేరిపోతారు. ఇక పాత ఇన్‌ఛార్జి వర్గం, కొత్త ఎమ్మెల్యే వర్గం పోటాపోటీగా ఫ్లెక్సీలు కడతాయి. ఫ్లెక్సీలు వేసేవాళ్ల వరకు అభివృద్ధి జరిగినట్టే.

ఫిరాయింపులను ఆపే చట్టం లేదా అంటే, ఉంది. రాజ్యాంగంలో పదో షెడ్యూలు 1985లో వచ్చింది. మూడో వంతు చీలితే తప్పులేదన్న వెసులుబాటును 2003లో తీసేశారు. మూడింట రెండు వంతుల మంది కలిసి వెళ్తే విలీనం అన్న తలుపు మాత్రం తెరిచే ఉంచారు. ఒక్కడు పోతే ఫిరాయింపు, మంద పోతే విలీనం! 2018లో తెలంగాణలో కాంగ్రెస్ 19 సీట్లు గెలిచింది. ఉత్తమ్‌కుమార్‌రెడ్డి లోక్‌సభకు ఎన్నికై ఎమ్మెల్యే పదవి వదులుకోగానే లెక్క 18కి దిగింది. అందులో మూడింట రెండు వంతులు సరిగ్గా 12. ఆ 12 మందీ 2019 జూన్‌లో టీఆర్‌ఎస్‌లో విలీనమయ్యారు. బడ్జెట్ లెక్కలు తప్పే ప్రభుత్వాలకు ఈ లెక్క ఎన్నడూ తప్పదు.

ఆంధ్రప్రదేశ్‌లో ఆ పాటి లెక్క కూడా అక్కర్లేకపోయింది. 2014లో వైఎస్సార్‌సీపీ గుర్తు మీద గెలిచిన 67 మందిలో 23 మంది తెలుగుదేశంలోకి వెళ్లారు. అభివృద్ధి వేగం ఎంతంటే 2017లో వారిలో నలుగురు మంత్రులయ్యారు. తర్వాతి ఎన్నికల్లో తెలుగుదేశానికి వచ్చినవి సరిగ్గా 23 సీట్లు. ఓటరుకూ హాస్యం తెలుసు.

దానం నాగేందర్ 2023లో ఖైరతాబాద్‌లో బీఆర్‌ఎస్ గుర్తు మీద గెలిచి, ఎమ్మెల్యేగా ఉంటూనే 2024లో సికింద్రాబాద్ లోక్‌సభకు కాంగ్రెస్ అభ్యర్థిగా నిలబడ్డారు. ఆయన ఏ పార్టీ అన్నది విచారణ జరిపి తేల్చాల్సినంత గడ్డు ప్రశ్న అయిందట! తేల్చవలసింది స్పీకర్. స్పీకర్‌ను ఎన్నుకునేది అధికార పక్షం. మామూలుగా మూడు నెలల్లో తేల్చాలని మణిపూర్ కేసులో 2020లోనే సుప్రీంకోర్టు చెప్పింది. తెలంగాణ ఫిరాయింపుల పిటిషన్ల మీద అదే గడువును 2025 జులైలో మళ్లీ చెప్పాల్సి వచ్చింది. అభివృద్ధికి అంత తొందరపడేవారికి ఈ ఒక్క పనిలో మాత్రం తొందర ఉండదు.

కాబట్టి నాదొక సవరణ. ఓటరుకూ ఇదే సౌకర్యం ఇవ్వండి. ఫలితాలు వచ్చాక "నియోజకవర్గ అభివృద్ధి కోసమే" అని రాసిచ్చి మా ఓటు గెలిచిన పార్టీకి మార్చుకుంటాం. అప్పుడు ఇన్‌ఛార్జి, ఎమ్మెల్యే, ఓటరు అందరం ఒకే పార్టీ, గొడవే ఉండదు. వీవీప్యాట్ అద్దంలో మనం వేసిన గుర్తు ఏడు సెకన్లు కనిపిస్తుంది. ఇప్పుడున్న పద్ధతిలో మన ఓటు ఫలానా పార్టీదేనని ధీమాగా ఉండగలిగేది ఆ ఏడు సెకన్లే.

పదవి వదిలి మళ్లీ జనం ముందుకు వెళ్లినవాళ్లు లేకపోలేదు. టీఆర్‌ఎస్‌ను వీడిన ఈటల రాజేందర్ 2021లో హుజూరాబాద్‌లో, కాంగ్రెస్‌ను వీడిన కోమటిరెడ్డి రాజగోపాల్‌రెడ్డి 2022లో మునుగోడులో రాజీనామా చేసి బీజేపీ తరఫున ఉప ఎన్నికకు నిలబడ్డారు. ఒకరు గెలిచారు, ఒకరు ఓడారు. వాళ్ల రాజకీయం నచ్చినా నచ్చకపోయినా దారి అదే. మీ ఎమ్మెల్యే కొత్త కండువాతో మీ వీధికి వస్తే హారతి తర్వాత పట్టొచ్చు, ముందు రాజీనామా కాపీ అడగండి. అది స్పీకర్ ఫార్మాట్‌లోనే ఉందో లేదో కూడా చూసుకోండి.